ముట్టద్దన్న మిషను

"ముట్టకు!" అని అరిచాడు వెంకట్రాజం, భార్య చేతిలోంచి చాయ కప్పు అందుకుంటూనే.

సునంద దేన్నీ ముట్టలేదు. లారీలోంచి దింపి పెరట్లో రేకుల షెడ్డులో నిలబెట్టిన ఆ ఆకుపచ్చ మిషను వైపు మెడ తిప్పి చూసింది, అంతే. చూపు తగిలినా అరిగిపోతుందని ఆయన భయం కాబోలు. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో ఆమె అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట అదే. నెలకు మూడు రోజులు అత్త అంటుంది. పచ్చడి జాడీ ముట్టకు, దేవుని గూడు ముట్టకు, దండెం మీది బట్టలు ముట్టకు, పిల్లల్ని ముట్టకు. నాలుగో రోజు తల మీద నాలుగు చెంబుల నీళ్లు పడ్డాయో లేదో, అవే జాడీలు, అదే గూడు, అవే బట్టలు, అదే పిల్లలు ఒక్కసారిగా వచ్చి మీద పడతారు. పొద్దు గూకేసరికి వాటిలో ఒకటి మిగిలిపోతే, దీన్నెందుకు ముట్టలేదని మళ్లీ అదే నోరు అడుగుతుంది.

జనగామ స్టేషన్ రోడ్డు మీద ప్లైవుడ్, సన్‌మైకా, మేకులు, గొళ్లేలు అమ్మే దుకాణం వాళ్లది. బోర్డు మీద 'లక్ష్మీనర్సయ్య అండ్ సన్స్' అని ఉంటుంది. లక్ష్మీనర్సయ్య పోయి ఆరేళ్లయింది, సన్స్ అన్నది ఈ వెంకట్రాజం ఒక్కడే. ఎనభై ఏడు మొదట్లో హైదరాబాదులో ఏదో ఫర్నిచరు కంపెనీ మూతబడితే, అంచులకు పట్టీ వేసే మిషనును ఆయన వేలంలో పాడుకొచ్చాడు. ఎందుకంటే ఆయన పుట్టింది మిషన్ల కోసమేనని ఆయన నమ్మకం.

"అరవై తొమ్మిదిల ఉద్యమమొచ్చి కాలేజీలు బందు వెట్టబట్టి గానీ, లేకుంటే నేను ఇంజనీరునయ్యెటోణ్ణి" అని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఉద్యమం నాటికే ఆయన లెక్కల్లో రెండుసార్లు తప్పి ఉన్నాడని అత్త ఒకసారి నోరు జారింది. సునంద ఆ ముక్కను ఎవరికీ చెప్పలేదు. తనకంటూ దాచుకోవడానికి ఆ ఇంట్లో మరేమీ లేదు మరి.

మిషను షెడ్డులో పెట్టడం అత్తకు సుతరామూ ఇష్టం లేదు.

"ఊర్ల ఇంకేడ జాగ దొరకలేదా బిడ్డా? అది దూరమున్నోళ్లు కూసునే షెడ్డు."

"ఇనుముకు మైలేందమ్మా?"

"ఇనుముకు లేదు సరే, నీ పెండ్లానికున్నది గదా."

చివరికి షెడ్డు మధ్యలో అడ్డంగా ఒక గోనెపట్టా కట్టారు. ఇటు మిషను, అటు సునంద మూడు రోజుల చాప, చెంబు, కంచం. మైల పట్టాకు అవతలే ఆగిపోతుందని అందరూ ఒప్పుకున్నారు. మైలను ఒప్పించాల్సిన పని ఎవరికీ పడలేదు.

మిషను చేసే పని చెప్పుకుంటే చిన్నదే. కోసిన చెక్కకు అంచు పచ్చిగా, పొరలు పొరలుగా కనబడుతుంది. ఆ అంచుకు వేడి జిగురు పూసి, సన్నని పట్టీ అంటించి నొక్కుతుంది. పట్టీ చెక్క కంటే రవ్వంత వెడల్పు, కనుక పైనా కిందా కాస్త మిగులుతుంది. ఆ మిగిలింది గొరిగేదే ట్రిమ్మరు. పైన ఒకటి, కింద ఒకటి రెండు తిరిగే కత్తులు. ఒక్కో కత్తి పక్కన రూపాయి బిళ్లంత చక్రం. ఆ చక్రం చెక్క మీద ఆనుకుని దొర్లుతూ, ఇంతవరకే, ఇంక దిగకు అని కత్తికి హద్దు చెబుతుంది.

దాన్ని బిగించడానికి హైదరాబాదు నుంచి మెకానిక్కు వచ్చిన మూడు రోజులూ, సరిగ్గా సునంద పట్టా అవతల చాప మీద ఉంది. చేయడానికి పని లేదు. వినడానికి చెవులున్నాయి. "సేట్, పహియా సాఫ్ రఖ్నా. పహియా సాఫ్ తో కామ్ సాఫ్" అని ఆ మెకానిక్కు పూటకోసారి చెప్పాడు. చక్రం శుభ్రంగా ఉంచుకో, పని శుభ్రంగా వస్తుందని. వెంకట్రాజం అడిగిందల్లా ఒక్కటే, స్క్రూ ఎటు తిప్పితే కత్తి దిగుతుంది, ఎటు తిప్పితే లేస్తుంది అని. తుడిచే మాట ఆయన చెవికెక్కలేదు. తుడవడం గురించి ఎవరు ఏం చెప్పినా అది ఆడవాళ్లకు చెప్పే మాటే గనుక, పొరపాటున తన వైపు తిరిగి చెబుతున్నాడనుకుని ఉంటాడు.

మెకానిక్కు పోయిన వారానికే మిషను మొండికేసింది. జిగురు చుక్కలు, చెక్క పొట్టు కలిసి చక్రానికి అంటుకుంటాయి. చక్రం కాగితమంత లేస్తే కత్తి కూడా అంతే లేస్తుంది, అంచు మీద గోరుకు తగిలే గట్టు మిగులుతుంది. గట్టు కనబడగానే వెంకట్రాజం స్క్రూ తిప్పి కత్తిని దించేవాడు. మర్నాడు ఆ జిగురు పెచ్చు ఊడిపోయేది. చక్రం దిగేది, దాని వెంట కత్తి ఇంకా దిగి సన్‌మైకాను పిల్లి గీరినట్టు గీరేది. అప్పుడు స్క్రూ మళ్లీ పైకి. పొద్దంతా పైకి, కిందికి, పైకి, కిందికి. పక్కన చెక్కలు అందించే వడ్రంగి సాంసన్ ఒకసారి "సేటూ, జర చక్రం..." అనబోతే, "ట్రిమ్మరు సంగతి నీకెందుకు? దాన్ని నేనొక్కణ్ణే ముడత" అని నోరు మూయించాడు. సాంసన్ ముప్పై ఏళ్లుగా చెక్కతో బతుకుతున్న మనిషి. మూసిన నోరు మళ్లీ తెరవలేదు.

"రెండు మూడు నెలలు చూస్త. లైన్ల వడకుంటే తీస్కపోయి ఇనుప సామానోనికి ఏస్త" అన్నాడు వెంకట్రాజం అన్నం దగ్గర.

మరుసటి నెల సునంద మళ్లీ చాప మీదికి వచ్చింది. మార్చి నాలుగో తారీకు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా కరెంటు ఉండదు. సాంసన్ ఇంటికి అన్నానికి పోతాడు, వెంకట్రాజం దుకాణంలో గల్లా పక్కన కునుకు తీస్తాడు. సునంద పట్టా ఎత్తింది. పెద్ద స్విచ్చు కిందికి లాగి, చక్రం మీద వేలు పెట్టి చూసింది. ఆమెకు నవ్వొచ్చింది. మాడు కట్టిన పెనం అంచు ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది. ఈ ఇంట్లో ఏది పనిచేయకపోయినా మగవాళ్లు తిప్పి చూస్తారు, ఆడవాళ్లు తుడిచి చూస్తారు, అనుకుంది. పగిలిన కొబ్బరి చిప్ప ముక్కతో పెచ్చులు గీకి, పొయ్యి అంటించే కిరసనాయిలులో పాత జాకెట్టు గుడ్డ ముంచి, పై చక్రం, కింద చక్రం మెరిసేదాకా తుడిచింది. తర్వాత ఆయన పొద్దున్నుంచి పైకి గొణుక్కుంటూ లెక్కపెట్టిన చుట్లు గుర్తు చేసుకుని, ఎన్ని కిందికి తిప్పాడో అన్నీ వెనక్కి తిప్పింది. బిగించే నట్టును బిగించి, పట్టా వేసి, చాప మీద కూర్చుంది.

మూడింటికి కరెంటు వచ్చింది. సాంసన్ ఒక పనికిరాని ముక్కను మిషనులో పోనిచ్చి, అంచు తడిమి చూశాడు. తర్వాత ఆ ముక్క పట్టా కింది నుంచి మెల్లగా ఇటు జరిగింది.

"సునందమ్మా, జర గోరు పెట్టి చూడుండ్రి."

సునంద గోరుతో అంచు మీద గీసింది. "కింది దిక్కు ఇంక రవ్వంత ఉన్నదే."

"ఉన్నది. చక్రం మాత్రం అద్దం లెక్క మెరుస్తున్నది. నేనైతే తుడువలే."

"ఎలుకలు తుడిచినయేమో."

"కిరసనాయిలు వట్టుకొచ్చే ఎలుకలు" అన్నాడు సాంసన్. "ఉండనియ్యి తల్లీ. నన్నూ ముట్టద్దన్నడు, నిన్నూ ముట్టద్దన్నడు. ముట్టనోళ్లం మనకేమెరుక?"

మర్నాడు కరెంటు పోయినప్పుడు కింది కత్తిని పావు చుట్టు చెక్క వైపు జరిపింది. ఆ మూడు రోజులు మిషను మీదికెళ్లిన ప్రతి చెక్కా పాలమీగడలా బయటికొచ్చింది. సునంద ఆ ముక్కల్లో ఒకదాన్ని చాప కింద పెట్టుకుంది. పదకొండేళ్లు వండింది, వండినవన్నీ ఆ పూటకే తినేశారు. ఊడ్చింది, ఊడ్చిన వాకిలి మీద వెంటనే చెప్పులు నడిచాయి. ఉతికింది, అవి సాయంత్రానికి మాసాయి. ఈ అంచు మాత్రం ఈ రోజు నున్నగా ఉంది, రేపూ ఉంటుంది, ఏదో బడిలోనో ఆఫీసులోనో తను చచ్చిపోయాక కూడా ఉంటుంది. ఇది పోయి ఇనుప సామాను వాడి బండి ఎక్కుతుందా? ఆ ఆలోచనకు ఆమె గుండెలో ఏదో కలుక్కుమంది. తాళిబొట్టు కుదువ పెట్టినప్పుడు కూడా అట్లా అనలేదు.

నాలుగో రోజు తలకు పోసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. శుద్ధిగా ఉన్న మనిషి మైల షెడ్డులో కాలు పెడితే మళ్లీ స్నానం చేయాలి, తీరిక కూడా లేదు. వారం లోపలే చక్రం మళ్లీ మాడు కట్టింది, వెంకట్రాజం మళ్లీ తిప్పడం మొదలుపెట్టాడు. నెలాఖరుకు ఆమె మళ్లీ బయట కూర్చుంది, మిషను మళ్లీ బాగుపడింది. ఏప్రిల్ చివర మళ్లీ అంతే.

వెంకట్రాజం తెలివైనవాడు. నెలలో మూడు రోజులు మిషను బాగా నడుస్తోందని కనిపెట్టాడు. ఆ రోజులన్నిటికీ దుకాణం క్యాలెండరు మీద ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి, పంచాంగం చూసే పంతులు దగ్గరికి వెళ్లాడు. పంతులు వేళ్లు లెక్కపెట్టి, మిషనుది మూలా నక్షత్రమని తేల్చాడు. నక్షత్రం కుదిరితే తిథి కుదరలేదు, తిథి కుదిరితే వారం కుదరలేదు. చివరికి శాంతి చేయిస్తే అన్నీ కుదురుతాయన్నాడు. మిషనుకు గుమ్మడికాయ కొట్టారు. గుమ్మడికాయ రసం చక్రం మీద పడి ఇంకో పొర ఎక్కువ కట్టింది.

మే నెల మొదట్లో వెంకట్రాజం ఆ క్యాలెండరు ఇంటికి తెచ్చి తల్లి ముందు పరిచాడు.

"చూడమ్మా. మార్చి నాలుగు, ఐదు, ఆరు. ముప్పై ఒకటి, ఒకటి, రెండు. ఏప్రిల్ ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. దీనిల ఏదో లెక్కున్నది. పంతులుకు గూడ దొరుకుతలేదు."

అత్త క్యాలెండరు చూసింది. కోడలు ఏ రోజు బయట కూర్చుందో, ఏ రోజు లోపలికొచ్చిందో, ఒక పూట ముందు వచ్చిందా, ఒక పూట ఆలస్యంగా వచ్చిందా అని పదకొండేళ్లుగా కాపలా కాసిన మనిషి. పంతులుకు దొరకని లెక్క ఆమెకు ఒక్క చూపులో దొరికింది. పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏందమ్మా?"

"ఏం లేదు బిడ్డా. మగోళ్లకు చెప్పే ముచ్చట గాదు."

ఆ పొద్దంతా ఆమెకు అదే ఆలోచన. మైల తగిలి మిషను పాడవుతోందని మూడు నెలలుగా అరిచింది. తీరా చూస్తే మైల తగిలినప్పుడే నడుస్తోంది! ఇదేం పాడు మిషను, ఏ పీడ పుట్టువు పుట్టింది, దీనికి అదే నైవేద్యమా? కోడలు చేతిలో గుడ్డ, కిరసనాయిలు ఉండొచ్చన్న అనుమానం మాత్రం ఆమెకు రాలేదు. కోడలికి మైల అంటుతుందని తెలుసు గానీ, పని వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

అంతలో భూపాలపల్లి నుంచి కబురొచ్చింది. అక్కడ గనుల కాలనీ బడికి బల్లలు చేయించే కాంట్రాక్టరు బ్రహ్మానందం గురువారం వచ్చి, అంచులు తన కళ్లతో చూస్తానన్నాడు. నచ్చితే నూట ఎనభై బల్లలు. "నచ్చకుంటే శుక్రవారమే ఇనుప సామానోనికి" అన్నాడు వెంకట్రాజం. ఈసారి అన్న తీరు చూస్తే అన్నంత పనీ చేసేలా ఉన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం అత్త వంటింట్లోకి వచ్చింది. తలుపు దగ్గరకు వేసింది. కొంగు చాటు నుంచి బాగా పండిన బొప్పాయి తీసి కత్తిపీట పక్కన పెట్టింది.

"తిను పిల్లా."

సునంద ఆశ్చర్యపోయింది. ఇద్దరు పిల్లలు కడుపులో ఉన్నప్పుడు బొప్పాయి చెట్టు నీడలోంచి కూడా నడవనివ్వని మనిషి.

"ఎందుకత్తమ్మా?"

"వేడి చేస్తది." అత్త గొంతు తగ్గించింది. "నీకింక ఎన్నొద్దులున్నది?"

"పద్నాలుగు."

"పద్నాలుగొద్దులా!" అత్త నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "జర గురువారానికి రాదా? నువ్వులు బెల్లం గూడ దంచి తెచ్చిన. కడుపునిండ తిను. ఎందుకని అడగకు, నేను చెప్ప."

సునంద బొప్పాయి వైపు, అత్త వైపు మార్చి మార్చి చూసింది. మెల్లగా అంతా అర్థమైంది. నవ్వు ఆపుకోవడానికి నువ్వుల ముద్ద నోట్లో కుక్కుకుంది.

చెబితే పోతుంది. మైలా కాదు, నక్షత్రమూ కాదు, చక్రం తుడవాలి అంతే అత్తమ్మా అని చెబితే అయిపోతుంది. కానీ చెప్పాక ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. "గింతేనా? తుడుసుడేనా?" అంటాడు ఆయన. రేపటి నుంచి వాకిలి ఊడ్చినట్టే, అంట్లు తోమినట్టే, నాలుగింటికి లేచి చక్రం తుడవడం కూడా ఇంటి పనుల్లో కలిసిపోతుంది. ఒకరోజు మరచిపోతే తిట్లు కూడా కలుస్తాయి. స్క్రూ మీద చెయ్యి మాత్రం ఆయనదే ఉంటుంది. తను చక్రం కడిగిపెట్టాలి, ఆయన కత్తి దించాలి, వచ్చినవాళ్లు ఆయన్ని ఇంజనీరు అనాలి. వద్దు. ఈ ఒక్క పనిని ఆ జాబితాలోకి పోనివ్వకూడదు.

సోమవారం పొద్దున సునంద పెరటి గుమ్మం దగ్గర నిలబడి, నేల వైపు చూస్తూ అంది.

"అత్తమ్మా, నేను బయటైన."

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆడిన మొదటి పెద్ద అబద్ధం అది. అత్త ముఖం పండగలా వెలిగింది.

"నేను చెప్పలే! బొప్పాస అంటే ఏమనుకున్నవ్? పో, పో, షెడ్డుల కూసో. పట్టాకు జర దగ్గర్నే కూసో, ఏం గాదు."

గురువారానికి సునంద చక్రాలు రెండూ తుడిచింది, కత్తుల మధ్య ఇరుక్కున్న పొట్టు ఊదింది, సాంసన్ పట్టా కింద నుంచి తోసిన ఆరు ముక్కల మీద గోరుతో గీసి, ఆరో ముక్కకు తల ఊపింది. కాంట్రాక్టరు బ్రహ్మానందం లావుపాటి మనిషి, ముక్కుసూటి మనిషి. అంచు పైన గోరు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగాడు. కింద లాగాడు. తర్వాత వంగి ట్రిమ్మరులోకి తొంగి చూశాడు.

"మంచిగున్నది సేటూ. నేను వరంగల్లు నుంచి హైదరాబాదు దాక ఇసొంటి మిషన్లు మస్తు చూసిన. చక్రం గింత సాఫుగ వెట్టినోన్ని చూడలే. దీన్ని రోజు ఎవరు తుడుస్తరు?"

పట్టా అవతల సునంద కిరసనాయిలు గుడ్డను చాప కిందికి తోసింది.

"నేనే" అన్నాడు వెంకట్రాజం. ఆయన జీవితంలో తుడిచానని చెప్పుకున్న మొదటి వస్తువు అదే.

"శభాష్. నూట ఎనభై బల్లలకు ఇదే అంచు రావాలె. ఒక్కదానికి గోరు తగిలినా మొత్తం లారీ వాపసు. ఎనిమిది నెలలు టైము."

బ్రహ్మానందం జీపు వెళ్లిపోయాక వెంకట్రాజం సాంసన్ పక్కకు జరిగి, చిన్న గొంతుతో అడిగాడు.

"ఏ చక్రంరా?"

"గదే సేటూ" అన్నాడు సాంసన్. "మీరు రోజు తుడిచేది."

శుక్రవారం అత్త వేడినీళ్ల బిందె పెరటి గుమ్మంలో పెట్టింది. నాలుగు రోజులు వండేసరికి ఆమె నడుం పట్టేసింది.

"సునందా, నీళ్లు కాగినయ్. తలకు పోసుకొని లోపలికి రా. పొయ్యి కాడ నా శాత కాదు."

"ఇంక ఆగలేదత్తమ్మా" అంది సునంద పట్టా వెనక నుంచి.

అత్త గుమ్మం పట్టుకుని నిలబడింది. లోపల నడుం నొప్పి, బయట నూట ఎనభై బల్లలు. రెంటి మధ్యా కాసేపు ఊగింది.

"ఎన్నొద్దులైతదే మరి?"

"ఎనిమిది నెలలు పట్టేటట్టున్నది."

అత్త నోరు తెరిచింది. ఎక్కడైనా విన్నామా, ఏ ఆడదానికైనా ఉందా అని అడగడానికి తెరిచిన నోరే. అంతలో షెడ్డులోంచి నున్నటి చెక్క ఒకటి జారి కిందికొచ్చిన చప్పుడు, సాంసన్ "శాన మంచిగొచ్చిందమ్మా" అన్న మాట వినబడ్డాయి. అత్త ఆ నోరు అట్లాగే మూసుకుని, వేడినీళ్ల బిందె ఎత్తుకుని లోపలికి వెళ్లింది. ఆ నీళ్లు తన నడుం మీద పోసుకుంది.

తర్వాత వంటింట్లోంచి ఆమె కేకలు వినబడ్డాయి. "రాజం! దుకాణం జర ఆగి తెరుద్దువు గాని, ఇటు రా. నేను లేవలేను. పొయ్యి మీద ఎసరు మరుగుతున్నది."

"నేనా?"

"ఇంకెవరున్నరు? సన్స్ అని బోర్డు రాయించుకున్నరు గదా, రా."

గిన్నెలు పడ్డ చప్పుడు. డబ్బాల మూతలు తీసి వేస్తున్న చప్పుడు. ఒకటి, రెండు, అయిదు, ఎనిమిది డబ్బాలు. కాసేపటికి వెంకట్రాజం పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఖాళీ గిన్నె, చొక్కా మీద పిండి. దూరమున్న మనిషికి దూరంగానే ఉండి, షెడ్డు వైపు మెడ సాచాడు.

"సునందా! కందిపప్పు ఏ డబ్బాల ఉన్నది?"

సునంద అప్పటికే పట్టా దాటి మిషను దగ్గరుంది. నట్టు మీద స్పానరు పెట్టి, పై కత్తిని రవ్వంత దించింది. సాంసన్ ఇచ్చిన ముక్క మీద గోరుతో గీసింది. గట్టు తగలలేదు. ఇంకో ముక్క అడిగింది.

"నిన్నే! వినబడుతలేదా? ఏ డబ్బాల?"

"పనిల ఉన్న" అంది సునంద, తల తిప్పకుండానే. "తర్వాత చూద్దాం."